పియానో పిన్నులకు బదులు మరబోల్టులు పెడితే శ్రుతి నిలుస్తుందా?

విభాగం: వాద్యాలు – తయారీ, మరమ్మతు

గోదారిగట్టు_88 | జూన్ 9, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మాది రాజమండ్రి. మా తాతగారు కొన్న అప్‌రైట్ (తీగలు నిలువుగా ఉండే) పియానో ఒకటి మా ముందుగదిలో ఉంది. రెండేళ్ళుగా ఎవరూ ముట్టుకోలేదు. మా అమ్మాయి నేర్చుకుంటానంటే ఈమధ్యే పొరుగూరి నుంచి ఒకాయన్ని పిలిపించి శ్రుతి చేయించాం. రానుపోను ఖర్చులతో కలిపి బాగానే వదిలింది. ఆయన వెళ్ళి మూడు వారాలు కాలేదు, మధ్య స్థాయిలో స్వరాలు మళ్ళీ గుయ్యిగుయ్యిమంటున్నాయి.

నేను మెకానికల్ ఇంజనీరుని. ముందు పలక ఊడదీసి చూస్తే మతిపోయింది. రెండొందల పైచిలుకు ఇనప పిన్నులు, అన్నీ చెక్కలోకి దిగ్గొట్టి ఉన్నాయి. నట్టు లేదు, గేరు లేదు, లాక్ లేదు. మూడు వందల రూపాయల గిటారు మరకి కూడా వార్మ్ గేరు ఉంటుంది కదా! లక్షలు పోసే పియానోకి ఎందుకు లేదు? ప్రతి పిన్ను చోట ఒక మరబోల్టు పెడితే జారదు, సన్నగా తిప్పుకోవచ్చు, ఎవరింట్లో వాళ్ళే చేసుకోవచ్చు. నేను పొరబడుతుంటే చెప్పండి.

ఆరుతీగలు | జూన్ 9, రాత్రి 9:40

అన్నా, డిజిటల్ పియానో తీసేసుకో. శ్రుతి గోలే ఉండదు 😀

గోదారిగట్టు_88 | జూన్ 9, రాత్రి 9:44

తాతగారిది తమ్ముడూ. అమ్మే ప్రసక్తే లేదు.

శ్రుతిమేస్త్రి | జూన్ 10, ఉదయం 6:05

బాబూ, నలభై ఏళ్ళు చెన్నైలో ఇదే పని చేశాను. ఇప్పుడు కాకినాడలో ఉంటున్నాను. మీ ప్రశ్న కొత్తది కాదు, ఇంజనీర్లున్న ప్రతి ఇంట్లోనూ అడుగుతారు. అయితే మూడు సంగతులు కలిపేశారు మీరు. విడదీసి చెబుతాను.

మొదటిది, ఆ పిన్నులు మేకులు కావు. వాటి ఒంటి మీద జుట్టంత సన్నటి మరలుంటాయి, వేలితో రాసి చూడండి. అవి దిగే దిమ్మ కూడా ఒంటి చెక్క కాదు. మేపుల్ గానీ బీచ్ గానీ, అలాంటి గట్టి చెట్టు చెక్కని పలకలుగా కోసి, ఒకదాని రేఖ (చెక్కలో నార పోయే దిక్కు) మీద ఇంకోదాని రేఖ అడ్డంగా పడేలా అతికిస్తారు. పిన్ను మందం కన్నా బెజ్జం కొంచెం చిన్నది. అందువల్ల చుట్టూ అన్ని వైపుల నుంచీ చెక్క నొక్కి పడుతుంది. మంచి దిమ్మ అయితే యాభై అరవై ఏళ్ళు పట్టు వదలదు.

రెండోది, రెండేళ్ళు వదిలేసిన పియానోని ఒక్కసారి చేస్తే నిలవదు. స్థాయి పైకి లాగుతున్న కొద్దీ మొత్తం బిగువు పెరుగుతుంది, సౌండ్‌బోర్డు (తీగల వెనక మోతని పెంచే పల్చటి చెక్క పలక) మీద ఒత్తిడి పెరిగి అది కాస్త కుంగుతుంది. కుడివైపు తీగలు సవరించేసరికి ఎడమవైపు చేసినవి దిగిపోతాయి. అందుకని ముందు గబగబా ఒక చుట్టు పైకి లాగి, ఆ తర్వాత నిదానంగా ఇంకో చుట్టు చేసి, నెల్లాళ్ళకు మళ్ళీ ఒకసారి చూడాలి. వచ్చినాయన ఒకే పూటలో ముగించి వెళ్ళుంటే అందులో పిన్నుల తప్పేమీ లేదు.

మూడోదే అసలు సంగతి. ఒక పని చేయండి. ఫోన్‌లో శ్రుతి చూపించే యాప్ పెట్టుకుని, ఏయే స్వరాలు దిగాయో కాగితం మీద రాసుకోండి. పక్కపక్క స్వరాలన్నీ ఒకే వైపు ఇంచుమించు ఒకే కొలతలో కదిలితే అది చెక్క చేసిన పని. మధ్య, పై స్వరాలకి ఒక్కోదానికి మూడు తీగలుంటాయి, వాటిలో రెండు సరిగ్గా ఉండి ఒక్కటే బాగా దిగిపోతే అది పిన్ను చేసిన పని. ముందు అది తేల్చండి, బోల్టుల గురించి తర్వాత మాట్లాడుకుందాం.

లెక్కలమాస్టారు | జూన్ 10, ఉదయం 11:20

ఫిజిక్స్ పాఠాలు చెప్పి రిటైరయినవాణ్ణి. పియానో వాయించడం రాదు కానీ లెక్క వేయకుండా ఉండలేను.

పియానోలో 88 మెట్లు, సుమారు 230 తీగలు. ఒక్కో తీగ బిగువు 70, 80 కేజీలు వేసుకున్నా మొత్తం 16 టన్నులు దాటుతుంది. ఇనప చట్రం లేకపోతే చెక్క విరిగిపోయేది. ఒకే ముక్కగా పోతపోసిన చట్రానికి బోస్టన్‌లో ఆల్ఫియస్ బాబ్‌కాక్ 1825లో పేటెంటు తీసుకున్నాడు. తర్వాత బిగువులు పెరుగుతూ పోయాయి, చట్రం బరువెక్కింది. పిన్ను మాత్రం పియానో కనిపెట్టిన క్రిస్టోఫోరి నాటి ఉపాయమే. ఆయన 1720లో చేసిన పియానో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఇప్పటికీ ఉంది.

ఇక పిన్ను. మందం 7 మిల్లీమీటర్లు అనుకుందాం. 75 కేజీలతో లాగే తీగ దాన్ని వెనక్కి తిప్పాలని చూసే బలం 27 కేజీ-సెంటీమీటర్ల దాకా వస్తుంది. చెక్క పట్టు దీనికన్నా చాలా ఎక్కువగా ఉండాలి. కొత్త పియానోల్లో వంద దాటి ఉంటుంది. పట్టు తగ్గుతూ వచ్చి ఈ రెండు అంకెలూ దగ్గరపడితే పిన్ను జారడం మొదలవుతుంది.

మధ్యలో ఉండే 440 హెర్ట్జ్ స్వరం చూద్దాం. తీగ మందం ఒక మిల్లీమీటరు, చివరి నుంచి చివరికి అర మీటరు, బిగువు 70 కేజీలు. అంత బిగువుకి ఆ తీగ సాగేది మొత్తం రెండు మిల్లీమీటర్ల పైచిలుకు, అంతే! పిన్నుని ఒక్క డిగ్రీ తిప్పితే 0.06 మిల్లీమీటర్ల తీగ చుట్టుకుంటుంది. సాగుదలలో ఇది దాదాపు 3 శాతం, స్వరంలో 24 సెంట్లు. అర్ధస్వరాన్ని వంద ముక్కలు చేస్తే ఒక ముక్క సెంటు. అంటే నాలుగు డిగ్రీలు తిప్పితే పక్క మెట్టు స్వరం వచ్చేస్తుంది. మేస్త్రిగారి లాంటివాళ్ళు ఒక సెంటు లోపు తేడాతో మూడు తీగల్ని కలుపుతారు. 30 సెంటీమీటర్ల పానా చివర అది పావు మిల్లీమీటరు కూడా కాదు. ఇంత పనిని చేత్తో చేస్తున్నారంటే నాకు ఒళ్ళు జలదరించింది.

ఇప్పుడు గోదారిగట్టు గారి బోల్టు. ఎమ్6 (6 మిల్లీమీటర్ల మందం) బోల్టుకి మర దూరం ఒక మిల్లీమీటరు. పూర్తి చుట్టు తిప్పితే ఒక మిల్లీమీటరు లాగుతుంది, డిగ్రీకి ఇంచుమించు ఒక సెంటు. ఇరవై రెట్ల పైన సన్నం. కాబట్టి సన్నదనం విషయంలో ఆయన వాదన సరైనదే.

శ్రుతిమేస్త్రి | జూన్ 10, మధ్యాహ్నం 12:02

లెక్క బాగుంది మాస్టారూ. ఇన్నాళ్ళూ నా మణికట్టు ఎందుకు నొప్పిపెట్టిందో ఇప్పుడు తెలిసింది. ఇంకొకటి కలుపుకోండి. పిన్ను మీకు కనిపించినంత గట్టిది కాదు, తిప్పినప్పుడు మెలి పడుతుంది. పై భాగం తిరిగినా చెక్కలో ఉన్న కింది భాగం ఇంకా కదలదు. పానా తీశాక ఆ మెలి విడిపోతుంది, స్వరం దిగుతుంది. అందుకే కొంచెం పైకి తీసుకెళ్ళి, వెనక్కి ఆనించి నిలబెడతాం. మెట్టుని గట్టిగా నాలుగు దెబ్బలు కొట్టి చూస్తాం. మా పనిలో సగం అదే.

మంచుదేశం | జూన్ 11, ఉదయం 5:31

నేను అమెరికాలో మినియాపోలిస్‌లో ఉంటాను. మీరు చెప్పే బోల్టు పియానోని నేను కళ్ళారా చూశాను! ఇక్కడ పాత పియానోలు అమ్మే షాపులో ఒక మాసన్ అండ్ హామ్లిన్ అప్‌రైట్ ఉంది, పంతొమ్మిదో శతాబ్దం చివరిది. మామూలు పిన్నులు ఉండాల్సిన చోట వరసగా కొక్కేలు, ఒక్కో కొక్కేనికి ఒక్కో మర. తీగ చివర కొక్కేనికి తగిలించి ఉంటుంది, మర తిప్పితే కొక్కెం వెనక్కి జరుగుతుంది. దాన్ని స్క్రూ స్ట్రింగర్ అనేవారట. ఆ కంపెనీ 1883లో పియానోలు మొదలుపెట్టింది ఈ పద్ధతితోనే. ఇరవై ఏళ్ళ పైన వాడి, 1905 ప్రాంతంలో మానేసి అందరిలాగే పిన్నులకు వచ్చేసింది.

షాపు ముసలాయన ఏమన్నాడంటే, నూట ఇరవై ఏళ్ళు దాటినా ఆ మరలు జారవు, ఆ ఒక్క విషయంలో ఇప్పటి పియానోల కన్నా నయం. కానీ ఒక తీగ తెగితే కొత్తది వేయడం నరకం. పిన్ను అయితే తీగ ఎక్కువ తక్కువలు చుట్లలో కలిసిపోతాయి. ఇక్కడ కొక్కేనికి సరిగ్గా సరిపోయే పొడవుకి ఉచ్చు వేయాలి. దానికి వేరే పానా కావాలి. పైగా ఒక్కో తీగకి నాలుగు ముక్కలు లోహం, వాటిని తయారుచేసే కూలీ.

కాబట్టి గోదారిగట్టు గారూ, మీ ఆలోచన తప్పు కాదు, ఖరీదైనది.

గోదారిగట్టు_88 | జూన్ 11, రాత్రి 8:15

నూట నలభై ఏళ్ళ కిందటే చేసేశారా! పేటెంటు కలలు పోయాయి. అక్కా, చాలా థాంక్స్. మరి అది జారనప్పుడు ఆ పియానో శ్రుతిలోనే ఉందా?

మంచుదేశం | జూన్ 12, ఉదయం 4:50

లేదు! అదే కదా విచిత్రం. షాపులో మిగతా వాటిలాగే అదీ దిగి ఉంది. చలికాలంలో ఇక్కడ ఇళ్ళలో హీటర్ వేస్తే గాలిలో తేమ 20 శాతానికి పడిపోతుంది, ఎండాకాలం 60 ఉంటుంది. మా ఇంటి పియానో ఏడాదికి ఒకసారి కిందికి, ఒకసారి పైకి వెళ్ళి వస్తుంది. సౌండ్‌బోర్డు తేమ పీల్చి ఉబ్బితే బ్రిడ్జిని (తీగలు ఆనే కర్రని) పైకి ఎత్తుతుంది, తీగలు బిగుస్తాయి. ఎండితే సడలుతాయి. ఇందులో పిన్ను ఎక్కడుంది? పియానో లోపల తేమని ఒకేలా ఉంచే పరికరం పెట్టించాం. ఒక వేడి కడ్డీ, ఒక నీళ్ళ డబ్బా, తేమ ఎంతుందో చూసి రెంటిలో ఒకదాన్ని ఆన్ చేసే స్విచ్చి. ఊగడం పూర్తిగా ఆగలేదు కానీ బాగా తగ్గింది.

బిరడబాబు | జూన్ 12, సాయంత్రం 6:30

మాది బొబ్బిలి వైపు. గొల్లపల్లిలో వీణలు చేసే ఇళ్ళ మధ్య తిరుగుతూ పెరిగాను. నేను చేయను గానీ పని చూశాను. బొబ్బిలి వీణ ఒకే పనస దుంగ నుంచి తొలుస్తారు, ఏకాండి అంటారు. మొత్తం ఏడు తీగలు, ఏడు బిరడలు. బిరడ అంటే మీ పియానో పిన్నుకి తాత లాంటిది. చివరికి పోనుపోను సన్నబడే కర్రముక్క, సరిగ్గా అదే వాలుతో తొలిచిన బెజ్జంలో బిగుసుకుని కూర్చుంటుంది. జారితే సుద్దముక్క రాస్తారు, మరీ పట్టేస్తే కాస్త సబ్బు. అంతే దాని ఇంజనీరింగు.

కానీ అసలు తెలివి ఇంకో చివర ఉంది. నాగపాశం దగ్గర తీగల్ని తగిలించే లంగర్లు ఉంటాయి కదా, వాటి మీద చిన్న రింగులుంటాయి. బిరడతో దగ్గరదాకా తెచ్చుకుని, మిగిలిన ఆ కాస్తా రింగుని వేలితో జరిపి కలుపుతారు. బిరడ పెద్ద పనికి, రింగు చిన్న పనికి. తంబూరాకి పూసలు కూడా అందుకే. వయొలిన్ తోక దగ్గర చిన్న మర కూడా అదే.

పియానోవాళ్ళు రెండు పనులూ ఒక్క పిన్ను నెత్తినే పెట్టారు. 24 సెంట్లు ఒక డిగ్రీలో ఇరుక్కున్నాయంటే అందుకే. పిన్నులు అలాగే ఉంచి, అవతలి చివర సన్నటి మర ఒకటి పెట్టుకోవచ్చు కదా?

గోదారిగట్టు_88 | జూన్ 12, రాత్రి 9:05

బిరడబాబు గారూ, మీకు వంద దండాలు. ఇది నాకు తట్టనేలేదు. కింద తీగ తగిలించిన ఆ చిన్న మేకుల స్థానంలో మర పెడితే చాలు. దిమ్మ జోలికే పోనక్కర్లేదు.

శ్రుతిమేస్త్రి | జూన్ 13, ఉదయం 6:10

ఆ మేకుల దగ్గరికి వెళ్ళి ఒకసారి బాగా చూడండి బాబూ. ఎన్ని తీగలకి ఎన్ని మేకులున్నాయో లెక్కపెట్టి చెప్పండి.

గోదారిగట్టు_88 | జూన్ 13, ఉదయం 7:48

అయ్యో. మేకులు సగమే ఉన్నాయి. ఒకే తీగ కిందికి వచ్చి, మేకు చుట్టూ తిరిగి, పైకి వెళ్ళి పక్క పిన్నుకి చుట్టుకుంది.

శ్రుతిమేస్త్రి | జూన్ 13, ఉదయం 8:30

అదీ సంగతి. ఎడమ చివరి లావు బాస్ తీగలు విడివిడిగా ఉంటాయి. మిగతావి చాలా పియానోల్లో జంటలే. బోసెండార్ఫర్ లాంటి వాళ్ళు ఒక్కో తీగనీ విడిగా కడతారు, అది వేరే సంగతి. మీ దాంట్లో కింద మర తిప్పితే రెండు తీగలూ ఒకేసారి పైకి పోతాయి.

పోనీ విడదీసి కట్టారే అనుకుందాం. వీణ తీగ గుర్రం (వీణ బ్రిడ్జి) మీద ఊరికే ఆని ఉంటుంది, రింగు లాగితే జారి సర్దుకుంటుంది. పియానో బ్రిడ్జి మీద తీగ రెండు పిన్నుల మధ్య వంకరగా ఒరుసుకుంటూ పోతుంది. దాని కంపనం చెక్కలోకి దిగాలంటే అలా గట్టిగా పట్టి ఉంచాలి. అక్కడి రాపిడి దాటి కింది లాగుడు పైకి రావడానికి టైం పడుతుంది. మీరు మర తిప్పారు, యాప్‌లో సరిగ్గా చూపించింది, సంతోషంగా కాఫీ తాగి వచ్చేసరికి స్వరం ఇంకో చోట ఉంటుంది. గట్టిగా వాయించాక ఇంకో చోట. పై వైపున కూడా రాపిడి ఉంది, కాదనను. పిన్నుకీ మోగే భాగానికీ మధ్య తీగ ఒత్తుకుని వంగే చోట్లు ఒకటో రెండో ఉంటాయి. కానీ వాటిని దాటించడం చేతికి తెలుస్తుంది.

బిరడబాబు గారన్నది నిజమే. పెద్ద పనినీ చిన్న పనినీ విడదీయడమే సరైన దారి. పియానోలో దానికి చోటు దొరకలేదు.

ఆరుతీగలు | జూన్ 13, రాత్రి 10:20

మొదట్లో జోక్ చేశాను గానీ ఇప్పుడు రోజూ ఈ చర్చే చదువుతున్నా. గిటారు వైపు నుంచి నా వంతు.

గిటారు కీకి వార్మ్ గేరు, 14కి 1, కొన్నిటికి 18కి 1. మీట పద్నాలుగు చుట్లు తిప్పితే తీగ చుట్టుకునే కడ్డీ ఒక చుట్టు తిరుగుతుంది. వార్మ్ గేరు వెనక్కి తిరగదు, అందుకే లాక్ అక్కర్లేదు. కానీ పళ్ళ మధ్య కాస్త ఆట ఉంటుంది. కాబట్టి ఎప్పుడూ కింది నుంచి పైకి వచ్చి ఆపాలి, పై నుంచి కిందికి వచ్చి ఆపితే వాయించగానే దిగుతుంది. వయొలిన్‌కి కూడా లోపల గేరున్న బిరడలు వచ్చాయి. బయటికి కర్ర బిరడలాగే కనిపిస్తాయి, విట్నర్ వాళ్ళవి 8.5కి 1. మా ఫ్రెండ్ పెట్టించుకున్నాడు, ఆనందంగా ఉన్నాడు.

ఇంకోటి. 2007లో గిబ్సన్ రోబో గిటారు తెచ్చింది, జర్మనీ ట్రానికల్ వాళ్ళ మోటార్లతో. మీట నొక్కి తీగలు మీటితే అదే తిప్పుకుని శ్రుతి అవుతుంది. 2015లో చాలా మోడళ్ళకి అదే పెట్టి అమ్మారు. వాయించేవాళ్ళు మొహం తిప్పుకున్నారు, కంపెనీ వెనక్కి తగ్గింది. ఆరు తీగలకే ఇంత. 230 మోటార్లంటే ఊహించుకోండి. ఛార్జింగ్‌కి సబ్‌స్టేషన్ కావాలి.

లెక్కలమాస్టారు | జూన్ 14, ఉదయం 10:05

మోటార్లు లేకుండా కూడా చేశారు నాయనా. అమెరికాలో కాన్సస్ సిటీకి చెందిన డాన్ గిల్మోర్ అనే ఆయన తీగలోకి సన్నగా కరెంటు పంపి వేడి చేసే పద్ధతి కనిపెట్టాడు. తీగ వెచ్చబడితే సాగి స్వరం దిగుతుంది. మొదట అన్ని తీగల్నీ వెచ్చగా ఉంచి ఆ స్థితిలో ట్యూనరు చేత శ్రుతి చేయించి, ఆ కొలతలు యంత్రంలో దాచిపెడతారు. తర్వాత ఎప్పుడు మీట నొక్కినా ఒక్కో తీగకి కరెంటు పెంచీ తగ్గించీ అదే స్వరానికి తెస్తుంది.

నాకు ముచ్చటేసిన విషయం ఏమిటంటే అందులో కదిలే భాగమే లేదు. పిన్ను జోలికి పోలేదు. చట్రం చల్లగా ఉండి తీగ ఒక్కటే 10 డిగ్రీలు వేడెక్కితే 20 సెంట్ల దాకా దిగుతుంది, నా లెక్క ప్రకారం. సెంటు కింద అర డిగ్రీ వేడి. ఏ గేరు ఇంత సన్నగా తిరుగుతుంది?

నూరుతంత్రులు | జూన్ 14, మధ్యాహ్నం 3:15

సంతూర్ నేర్చుకుంటున్నాను, హైదరాబాదు. దాదాపు వంద తీగలు, అన్నీ చెక్కలో పిన్నులే, సుత్తి లాంటి పానా. వర్షం పడ్డ రోజు క్లాసులో మొదటి ముప్పావుగంట శ్రుతికే సరి. మా గురువుగారు బోల్టు మాటెత్తితే నవ్వుతారు. రాగం మారితే స్వరాలు మార్చాలి, ఒక్కో తీగకీ బోల్టు తిప్పుతూ కూర్చుంటే కచేరీ అయిపోతుంది అంటారు. పిన్ను మొరటుదే కానీ వేగం దానిదే. ఇది ఎవరూ అనలేదని రాశాను.

గోదారిగట్టు_88 | జూన్ 22, రాత్రి 9:30

వారం రోజులుగా మాయమైనందుకు క్షమించండి. ఊరికే వాదించడం ఎందుకని పరీక్ష పెట్టాను. టేకు పలక ఒకటి తీసుకుని మా వడ్రంగి చేత రెండు తీగలు పక్కపక్కన కట్టించాను. రెండూ ఒక మిల్లీమీటరు తీగలే, పొడవు ఒకటే. ఒకదానికి పాత పియానో పిన్ను, ఒకదానికి ఎమ్6 ఐ బోల్టు (తల దగ్గర రింగు ఉండే బోల్టు), నట్టు. పలక వరండాలో పెట్టాను.

మొదటి పాఠం పిన్ను నేర్పింది. బెజ్జం 7 మిల్లీమీటర్లు వేయించాను, పిన్నూ ఇంచుమించు అంతే కదా అని. తీగ బిగించగానే గిర్రున తిరిగిపోయింది. 6.5 బిట్‌తో ఇంకోచోట వేయిస్తే అప్పుడు పట్టింది. బోల్టు వైపు తీగ ఉచ్చు రెండుసార్లు ఊడింది. మంచుదేశం అక్క చెప్పిన నరకం ఇదేననుకుంటా.

శ్రుతి చేయడంలో మాత్రం బోల్టుదే గెలుపు. స్పానరుతో ఒకేసారికి సెంటు లోపలికి వచ్చేసింది. పిన్ను నాకు నలభై నిమిషాలు పట్టింది, చివరికి మూడు సెంట్ల తేడాతో వదిలేశాను.

అసలు విషయం ఇప్పుడు. నాలుగు రోజులు కొత్త తీగలు సాగి రెండూ దిగాయి, మళ్ళీ మళ్ళీ ఎక్కించాను. అది కుదుటపడ్డాక కూడా పొద్దున 6కి సరిగ్గా ఉన్నవి మధ్యాహ్నం 3కి దిగిపోతున్నాయి. పిన్ను తీగ 15 సెంట్లు, బోల్టు తీగ 14! బోల్టు ఎలా జారింది? లాక్ నట్టు కూడా పెట్టాను.

లెక్కలమాస్టారు | జూన్ 22, రాత్రి 10:10

జారలేదు నాయనా. వరండాలో పొద్దుటికీ మధ్యాహ్నానికీ ఎన్ని డిగ్రీల తేడా?

గోదారిగట్టు_88 | జూన్ 22, రాత్రి 10:14

పదికి కాస్త అటూఇటూ.

లెక్కలమాస్టారు | జూన్ 22, రాత్రి 10:31

సరిపోయింది. ఉక్కు వేడికి ఎంత సాగుతుందో టేకు రేఖ వెంబడి దానిలో మూడో వంతే సాగుతుంది. తీగ పొడుగైంది, పలక కాలేదు, బిగువు తగ్గింది. పది డిగ్రీలకి 14 సెంట్లు వస్తుంది, లెక్క కట్టి చూశాను. సాయంత్రం చల్లబడ్డాక చూడండి, రెండూ వాటంతటవే పైకి వచ్చేస్తాయి. పియానోలో ఇనప చట్రం కూడా తీగతో పాటు సాగుతుంది కాబట్టి ఈ తేడా చాలావరకు కొట్టుకుపోతుంది. మీ పలకకి చట్రం లేదు.

గోదారిగట్టు_88 | జూన్ 23, ఉదయం 6:20

పైకి వచ్చేశాయి. రెండూ. ఒక సెంటు అటూఇటుగా పొద్దుటి చోటికే. పిన్ను జారనే లేదు మాస్టారూ. నేనే దాని మీద నింద వేశాను.

గోదారిగట్టు_88 | జూలై 19, రాత్రి 8:50

వానలు పడ్డాయి. మేస్త్రిగారు మొదటిరోజు చెప్పిన పని ఇప్పటికి పూర్తి చేశాను. జూన్‌లోనూ ఇప్పుడూ పియానో స్వరాలన్నీ కొలిచి రాసుకున్నాను. మధ్య స్థాయి మొత్తం 12 సెంట్ల దాకా పైకి పోయింది, బాస్ పెద్దగా కదల్లేదు. అంటే తేమ. వీటిలో కలవకుండా విడిగా కిందికి పోయిన తీగలు ఏడు. ఆ ఏడు పిన్నులూ పానా పెడితే వెన్నలో తిరిగినట్టు తిరుగుతున్నాయి. 220 పిన్నుల్ని మార్చేద్దామని బయల్దేరినవాణ్ణి, చెడ్డవి ఏడు తేలాయి.

శ్రుతిమేస్త్రి | జూలై 20, ఉదయం 6:00

ఇప్పుడు దారిలో పడ్డారు. ఏడింటికి పెద్ద వైద్యం అక్కర్లేదు. నీళ్ళలా పల్చగా ఉండే సైనోయాక్రిలేట్ జిగురు చుక్కచుక్కగా పిన్ను మొదట్లో వేస్తే బెజ్జంలోకి పీల్చుకుని పట్టు వస్తుంది. అప్‌రైట్ కాబట్టి వెనక్కి పడుకోబెట్టాలి, లేకపోతే జిగురు లోపలికి దిగదు, కిందికి కారి వేరే చోట అంటుకుంటుంది. నలుగురు మనుషులు కావాలి. కిటికీలు తెరిచి ఉంచండి, ఘాటు కళ్ళకి పడదు. దానికీ లొంగకపోతే ఒక సైజు లావు పిన్ను వేద్దాం. గ్లిజరిన్ లాంటివి పోయమని ఎవరైనా చెబితే వినకండి. నాలుగు రోజులు పట్టు వచ్చినట్టుంటుంది, దిమ్మ జిడ్డెక్కి తర్వాత ఏ జిగురూ పట్టదు.

తేమకి ముందు ఒక మీటరు కొనండి, నాలుగొందలు కూడా ఉండదు. పియానో బయటి గోడకి ఆనించి ఉందా?

గోదారిగట్టు_88 | జూలై 20, ఉదయం 7:15

ఉంది. వాన జల్లు కొట్టే గోడే. ఇవాళే లోపలి గోడకి మారుస్తాం. మీరు రాగలరా మేస్త్రిగారూ? కారు పంపిస్తాను.

బిరడబాబు | జూలై 20, ఉదయం 9:40

మరి బోల్టు పలక ఏం చేస్తారండీ? పారేయకండి, మా వాళ్ళకి చూపించాలి. పోర్టబుల్ వీణలకి ఇప్పటికే గిటారు కీలు పెడుతున్నారు, ఈ ఐ బోల్టు తాళం తీగలకి పనికొస్తుందేమో.

శ్రుతిమేస్త్రి | జూలై 20, ఉదయం 10:25

కారెందుకు, బస్సులో వస్తాను. ఆదివారం. బోల్టు వైపు మీరు తీసుకోండి బిరడబాబు గారూ, పిన్ను వైపు మాత్రం ఆయన దగ్గరే ఉండాలి. నలభై నిమిషాలు కుస్తీ పట్టి మూడు సెంట్ల దాకా వచ్చారు కదా, మొదటిసారికి అది తక్కువేం కాదు. నేను నేర్చుకునేటప్పుడు మా మేస్త్రి ఆర్నెల్లు ఇలాంటి పలక మీదే చేయించాడు, అసలు పియానో ముట్టనివ్వలేదు. గోదారిగట్టు గారూ, పానా ఎలా పట్టుకుంటున్నారో ఒక ఫొటో పెట్టండి. మోచెయ్యి ఎత్తి పట్టుకుంటున్నారని నా అనుమానం.

గోదారిగట్టు_88 | జూలై 20, ఉదయం 10:52

[ఫొటో జతచేయబడింది]

శ్రుతిమేస్త్రి | జూలై 20, ఉదయం 10:58

అనుకున్నాను. దించండి.